పలువురు యజమానుల పనివాడు: సాంఘిక బీమా

తెనాలి పట్టణమున తెల్లవారకమునుపే కూడలులయందు నిలుచుండు జనులను మన విద్యార్థులందఱును చూచియే యుందురు. తాపీ చేతబట్టినవాడు కట్టుబడి పనివాడు. భుజమున తువాలు వేసికొని నిలుచున్నవాడు బస్తాలు మోయు ముఠాకూలి. అన్నపుగిన్నె సంచిలో పెట్టుకొని ఆటోకొఱకు ఎదురుచూచు స్త్రీలు ఊడ్పులకో, కలుపుతీతకో, పసుపు తవ్వకమునకో పోవువారు. బాపట్లకు పోయినను, రేపల్లెకు పోయినను ఇట్టి దృశ్యమే కనబడును. అచ్చట వీరితోపాటు నిజాంపట్నపు రేవున వలలు లాగువారును, రొయ్యల చెఱువులపై రేయింబవళ్లు కాపుండువారును గలరు. వీరికందఱకు ఒక సామాన్యలక్షణము కలదు. నేడు పని యిచ్చినవాడు రేపు ఇయ్యకపోవచ్చును. రేపు ఇచ్చువాడు మఱియొకడు కావచ్చును. వీరి పేరు ఏ జీతపు పట్టీలోను ఉండదు.

ఇట్టివారికి జబ్బు చేసినపుడు, ప్రమాదము సంభవించినపుడు, ముసలితనము వచ్చినపుడు ఆధారమేమి? ఈ ప్రశ్నను మేము పుస్తకములనుండి నేర్చుకొనలేదు. మా తరగతిగదిలోనే నేర్చుకొంటిమి.

కొన్ని సంవత్సరముల క్రిందట మా తొమ్మిదవ తరగతిలో ఒక బాలుడు చదువుచుండెను. అతని తండ్రి ముఠాకూలి. ఒక జూలై నెలలో ఆయన లారీపైనుండి ధాన్యపు బస్తాలు దింపుచు కాలుజాఱి క్రిందపడి మరణించెను. పదునైదు దినముల పిమ్మట ఆ బాలుని తల్లి బ్యాంకు పుస్తకమును కొంగున చుట్టుకొని మాయొద్దకు వచ్చెను. ఏటేట ఇరువది రూపాయలు ఖాతానుండి మినహాయించుకొని ప్రమాదబీమా ఇచ్చు పథకములో తన భర్త చేరియున్నాడనియు, రెండు లక్షల రూపాయలు రావలెననియు ఆమె వినియుండెను. మేము ఆమెతోకూడ బ్యాంకునకు పోతిమి. అచ్చటి గుమాస్తా లెక్క చూచి, మే నెల తుదిని ఖాతాలో సొమ్ము లేనందున ఆ ఇరువది రూపాయలు జమపడలేదనియు, జూన్ 1వ తేదీతో బీమా నిలిచిపోయినదనియు చెప్పెను. ఆమె చాలసేపు మాటాడలేదు. పిదప మెల్లగా, “ఆ డబ్బు నేనే తీశానండి మేష్టారూ, బడి తెరుస్తారని, పిల్లాడి పుస్తకాలకి” అనెను.

ఇందు ఆ గుమాస్తా దోషము లేదు, నియమ మట్లున్నది. ఆ తల్లి దోషము అంతకంటెను లేదు. సొమ్ము చాలలేదని తెలుపు సందేశము ఆ బాలుని చేతనుండు సెల్‌ఫోనుకే ఆంగ్లమున వచ్చియుండెను. ఆ బాలునకు ఆంగ్లము నేర్పువారము మేమే. పాఠ్యపుస్తకములోని పద్యములకు అర్థము వ్రాయించితిమిగాని, అట్టి సందేశమును చదువుట అతనికి నేర్పియుండలేదు.

ఆ దినమునుండి మేము ఒక విషయమును ఆలోచించుచున్నాము. మా భవిష్యనిధిగాని, మా బీమాగాని ఒక్క నెలయైనను నిలిచిపోయియుండలేదు. మేము ఆ ముఠాకూలికంటె పొదుపరులమా? ముందుచూపుగలవారమా? ఎంతమాత్రమును గాము. మా జీతము మా చేతికి రాకమునుపే చెల్లింపవలసిన సొమ్ము మినహాయింపబడును. మేము మఱచినను మఱవని చేయి యొకటి మా పక్షమున పనిచేయుచున్నది. ఆ కూలికి అట్టి చేయి లేదు. సాంఘిక బీమాను దినకూలీలకు విస్తరింపజేయుట యనగా, మా యభిప్రాయమున, ముఖ్యముగా ఆ చేతిని కనుగొనుటయే. ఈ మాటనే చదువరులకు ఇచ్చట వివరింపదలచితిమి.

బీమా యననేమి?

బీమా యనునది కష్టమును పంచుకొనుట. వేయిమంది ముఠాకూలీలున్నారనుకొందము. వారిలో ఏటికొక్కరు ప్రమాదమున మరణింతురని యనుకొందము. ఆ యొక్కరెవరో ముందుగా తెలియదు. వేయిమందియు తలకు 200 రూపాయల చొప్పున వేసినచో రెండు లక్షలగును. ఆ సొమ్ము మరణించినవాని కుటుంబమునకు చేరును. ఎవనికిని మోయరాని భారము కాదు. ఏ కుటుంబమును వీధిని పడదు.

అయితే ఈ లెక్కలో ఒక చిక్కు గలదు. చేరుట చేరకపోవుట ఎవరి యిష్టము వారిదైనచో, బలముగలవాడు “నాకేమగును?” అని మానుకొనును, చేతిలో సొమ్ములేనివాడు ఈ యేటికి ఆగుదమనుకొనును. మిగిలినవారు కొలదిమంది, వారిలో ముసలివారును రోగులును హెచ్చు. వంతు పెరుగును, పెరిగినకొలది మఱికొందఱు తొలగిపోవుదురు. ఈ చిక్కును తీర్చుటకే సాంఘిక బీమా పుట్టినది. ఇందు మూడు కట్టుబాట్లు గలవు. మొదటిది, అందఱును చేరితీరవలెను. రెండవది, పని చేయించుకొనువాడును వంతు వేయవలెను. ఏలయన ఆ పనివలని లాభము అతనికిని గలదు. మూడవది, ఆ వంతు కూలి చెల్లించుచోటనే వసూలు కావలెను.

జర్మనీ దేశమున బిస్మార్కు మంత్రిత్వములో 1883లో రోగబీమా, 1884లో ప్రమాదబీమా, 1889లో వృద్ధాప్య బీమా చట్టములు వెలువడెను. ఇంగ్లండు 1911లో నేషనల్ ఇన్సూరెన్సు చట్టమును చేసెను. ఆ చట్టము ననుసరించి పురుషుడైన పనివాడు వారమునకు 4 పెన్నీలు, యజమాని 3 పెన్నీలు, ప్రభుత్వము 2 పెన్నీలు వేయుట యేర్పాటు. ప్రతి పనివానికి ఒక కార్డు ఉండెడిది. ఆ కార్డుపై యజమాని వారమునకొక స్టాంపు అంటించి, పనివాని వంతును అతని కూలినుండి కోసికొనెడివాడు. మఱి దినమునకొక యజమానిని మార్చు రేవుకూలి సంగతియేమి? వారములో అతనిని మొట్టమొదట పనికి పెట్టుకొన్నవాడే ఆ వారపు స్టాంపు అంటింపవలెనని నిర్ణయించిరి. పలువురు యజమానుల పనివానికి బీమా అసాధ్యమనువారు ఈ చిన్న కార్డును జ్ఞాపకముంచుకొనవలెను. కంప్యూటరుగాని టెలిఫోనుగాని కూలివాని దరికి రాని కాలములో ఆ పని జరిగినది.

మన దేశమున జరిగినది

మన దేశమున మొదటి మెట్టు 1923 నాటి వర్క్‌మెన్ కాంపెన్సేషన్ చట్టము. పనిలో గాయపడినవానికి, మరణించినవాని కుటుంబమునకు యజమాని పరిహారమియ్యవలెనని దాని సారము. అది బీమా కాదు. యజమాని నెత్తిన పెట్టిన బాధ్యత. లారీ ఎత్తుదింపు పనివారికిని ఆ చట్టమున హక్కు కలదు. మా విద్యార్థి తల్లి పక్షమున ఆ దారియు చూచితిమి. ధాన్యమువారు లారీవారిని చూపిరి. లారీవారు ముఠామేస్త్రిని చూపిరి. మేస్త్రి తానును కూలివాడనే యనెను. అదియు అబద్ధము గాదు. యజమాని యెవరో తేల్చవలసిన భారము భర్తను పోగొట్టుకొన్న స్త్రీపై పడినపుడు, హక్కు కాగితముననే నిలిచిపోవును.

రెండవ మెట్టు 1948 నాటి ఎంప్లాయీస్ స్టేట్ ఇన్సూరెన్సు చట్టము. ఆచార్య బి.పి. అదార్కరు 1944లో సమర్పించిన నివేదిక దానికి పునాది. 1952 ఫిబ్రవరి 24న కాన్పూరు, ఢిల్లీ నగరములలో పథకము మొదలయ్యెను. ఆ 1952లోనే ప్రావిడెంటు ఫండు చట్టమును వచ్చెను. ఇన్సూరెన్సు పథకమున 2019 జూలైనుండి నూఱు రూపాయల జీతమునకు యజమాని 3 రూపాయల 25 పైసలు, పనివాడు 75 పైసలు చెల్లించుచున్నారు. దానికి బదులుగా కుటుంబమునకు వైద్యము. జబ్బుపడినపుడు ఏటికి 91 దినములవఱకు జీతములో నూటికి 70 వంతులు. ప్రసవమునకు 26 వారముల పూర్ణజీతము. పనిలో మరణించినచో కుటుంబమునకు జీతములో నూటికి 90 వంతుల పింఛను. ఇంతకంటె మంచి యేర్పాటు బీదవానికి మఱియొకటి లేదు. కాని ఇది సామాన్యముగా పదిమందియైనను పనిచేయు సంస్థకును, నెలకు 21,000 రూపాయలకు మించని జీతగానికిని వర్తించునది. ప్రావిడెంటు ఫండునకు ఇరువదిమంది కావలెను.

కాగా ఈ గోడకు వెలుపల నిలిచినవారెందఱు? భారత ప్రభుత్వము 2004లో అర్జున్ సేన్‌గుప్తా అధ్యక్షతను ఒక సంఘమును నియమించెను. 2004–05 నాటి లెక్కలనుబట్టి, దేశమున పనిచేయువారిలో నూటికి 92 మందికి ఉద్యోగముద్వారా లభించు ఇట్టి భద్రత లేదని ఆ సంఘము తేల్చినది. లోపల ఎనమండుగురు, వెలుపల తొంబదిద్దఱు! పనివాడు దినమునకొక రూపాయి, యజమాని యొక రూపాయి, ప్రభుత్వ మొక రూపాయి వేసినచో వెలుపలివారికిని కనీసపు బీమా, పింఛను ఏర్పడునని ఆ సంఘము సూచించెను. 2008లో అవ్యవస్థిత కార్మికుల సాంఘిక భద్రతా చట్టము వచ్చెనుగాని, ఆ మూడు రూపాయలు వసూలుచేయు యంత్రము మాత్రము దానిలో లేకపోయెను.

నేటి పథకములు, వాని కొఱతలు

తరువాత వచ్చినవి ఇష్టముండిన చేరు పథకములు. 2015 మే నెలలో ప్రధానమంత్రి పేర రెండు బీమాలు ప్రారంభమయ్యెను. జీవన్ జ్యోతి బీమా ఏ కారణమున మరణించినను రెండు లక్షలిచ్చును. ఏటికి 436 రూపాయలు. 18 మొదలు 50 ఏండ్లవారు చేరవచ్చును. సురక్షా బీమా ప్రమాదమున మరణించినను, పూర్తిగా అంగవైకల్యము కలిగినను రెండు లక్షలు, పాక్షిక వైకల్యమునకు ఒక లక్ష యిచ్చును. ఏటికి 20 రూపాయలు మాత్రమే. 70 ఏండ్లవఱకు చేరవచ్చును. ఈ వెలలు 2022 జూన్‌నుండి అమలులోనున్నవి. ఇరువది రూపాయలకు ఇట్టి రక్షణ మఱెచ్చటను దొరకదు. అయినను మా విద్యార్థి కుటుంబమునకు అది అందలేదు. వెల హెచ్చగుటచేత గాదు, సంవత్సరములో ఆ నాలుగు దినములలో ఖాతా వట్టిదగుటచేత. కూలివాని ఖాతా ఏటి మధ్య పలుమాఱులు నిండును, పలుమాఱులు వట్టిపోవును. మే నెల మన డెల్టాలో పొలముపనులు లేని మాసము. కాలువలకు నీరు రాదు. ఆ మాసపు తుదినే వంతు కోయుట మన ప్రాంతపు కూలికి ఎంతమాత్రమును అనుకూలము గాదు.

2019లో శ్రమయోగి మాన్‌ధన్ పింఛను వచ్చెను. 18 ఏండ్లవాడు నెలకు 55 రూపాయలు, 40 ఏండ్లవాడు 200 రూపాయలు చెల్లించినచో కేంద్ర ప్రభుత్వము అంతియే కలిపి, అఱువదవ యేట నెలకు 3,000 రూపాయలిచ్చునని యేర్పాటు. ఉద్దేశము మంచిదే. కాని పై తరగతుల విద్యార్థులు ఒక లెక్క చేయుడు. నేడు 18 ఏండ్ల బాలుడు చేరినచో ఆ సొమ్ము చేతికి వచ్చుటకు 42 ఏండ్లు పట్టును. ధరలు ఏటికి నూటికి 5 చొప్పున పెరిగినచో, ఆనాటి 3,000 రూపాయలు నేటి 390 రూపాయలకంటె తక్కువకే సమానమగును. పదియేండ్లు నిండకమునుపు మానుకొన్నవానికి తాను కట్టినదియు, సేవింగ్సు బ్యాంకు వడ్డీయు మాత్రమే తిరిగి వచ్చును. ఇట్టి దానిలో చేరినవారు దేశమంతట సుమారు 50 లక్షలు. 2021 ఆగస్టులో ప్రారంభమైన ఈ-శ్రమ్ పట్టీలో పేరు వ్రాయించుకొన్నవారు 30 కోట్లకు మించిరి. పేరు వ్రాయించుకొనుటకు జనులు వెనుదీయుట లేదని దీనివలన తెలియుచున్నది. పట్టీ యున్నది, పట్టీతో పాటు నడువవలసిన వసూలు లేదు. పట్టీలో పేరున్నంతమాత్రమున బీమా ఉన్నట్లు భ్రమపడరాదు.

మన రాష్ట్రము చేసినది వేఱొక తీరు. వృద్ధాప్యపు పింఛను 2014 వఱకు నెలకు 200 రూపాయలుండి, ఆ యేటి అక్టోబరున 1,000, 2019 జనవరిలో 2,000, మెట్లుమెట్లుగా 2024 జనవరికి 3,000, ఆ యేటి జూలైకి 4,000 రూపాయలయ్యెను. నెల మొదటి దినముననే యింటికి తెచ్చి యిచ్చుచున్నారు. మన గ్రామములలోని ముసలివారికి ఇది గొప్ప యాధారము. దీనికి వంతు కట్టనక్కఱలేదు గనుక, నిలిచిపోవు భయమును లేదు. కాని ఇది ప్రభుత్వముల నిర్ణయముపై ఆధారపడినది. కట్టినవాడు తన హక్కుగా అడుగదగిన బీమా గాదు. పై యంకెలలోనే చూడుడు: కొన్ని యేండ్లు కదలనే కదలదు, ఒక్కొక యెన్నికలయేట రెట్టింపగును.

వైద్యవిషయమున 2007లో ఆరంభమైన ఆరోగ్యశ్రీ, నేటి ఎన్టీఆర్ వైద్యసేవ, బీదవానిని పెద్ద ఆస్పత్రుల ఖర్చునుండి కాపాడినది. అయినను అది ఆస్పత్రి ఖర్చునే చూచును. ఆస్పత్రిలో పడియున్న దినముల కూలిని చూడదు. శస్త్రచికిత్స ఉచితముగా జరిగిన కుటుంబము వారపువడ్డీకి అప్పుచేయుట మేము చూచియున్నాము. తిండి, ఇంటియద్దె, ఆస్పత్రికి కూడవచ్చిన భార్య పోగొట్టుకొన్న కూలి, ఇవన్నియు ఆ అప్పులోనికే పోవును. మిల్లు పనివానికి 91 దినములవఱకు నూటికి 70 వంతులు. ఊడ్పుల కూలికి ఒక్క దినమైనను లేదు. ఇదియే రెంటికిగల భేదము.

వసూలు చేయు చేయి

మఱి పలువురు యజమానులున్నచోట వంతు ఎవరు వసూలుచేయవలెను? ఈ ప్రశ్నకు జవాబు చెప్పిన ఉదాహరణములు కొన్ని కలవు.

మొదటిది మహారాష్ట్రము. 1969లో అచ్చటి శాసనసభ మాథాడీ హమాలీల చట్టమును చేసెను. బస్తాలు మోయు ముఠాలు ఒక బోర్డులో పేరు వ్రాయించుకొందురు, వర్తకులును వ్రాయించుకొందురు. వర్తకుడు కూలిని ముఠా చేతికి ఇయ్యక, దానిపై కొంత లెవీ చేర్చి బోర్డునకు కట్టును. బోర్డు కూలి పంచి, లెవీనుండి ప్రావిడెంటు ఫండు, గ్రాట్యుటీ, సెలవుజీతము, వైద్యము ఏర్పాటు చేయును. యజమాని యెవరను వివాదమే యక్కడ లేదు. బస్తా యెవరిదో వారు కట్టవలెను.

రెండవది 1996 నాటి కట్టడపు పనివారి చట్టములు. ఇల్లు కట్టించువాడు కట్టుబడి వ్యయములో నూటికి 1 చొప్పున సెస్సు కట్టవలెను. ఆ సొమ్ము రాష్ట్రపు బోర్డునకు పోవును. ఏటికి 90 దినములు పనిచేసిన తాపీపనివాడు పేరు వ్రాయించుకొనవచ్చును. ఇచ్చట యజమానికి బదులు కట్టడమే వంతు వేయుచున్నది. అయితే సొమ్ము వసూలగుటతోనే పని తీరదు. సెస్సు సొమ్ము పెద్దమొత్తములు పనివారికి చేరక బోర్డులయందు నిలువయున్నవని 2018లో సుప్రీంకోర్టు ఆక్షేపించెను. బీడీ పనివారికొఱకు 1976లో ఏర్పడిన సెస్సు 2017లో జి.ఎస్.టి. రాకతో రద్దయ్యెను. కావున చేయి వసూలు చేయవలెను, పంచవలెను, తెగకుండ నిలువవలెను.

మూడవది బ్రెజిలు దేశము. వ్యవసాయపు కూలీలకు యజమానిని వెదకుట అచ్చటను కష్టమాయెను. అందుచే 1971లో ఒక చట్టము చేసి, పంట మొదటిమాఱు అమ్ముడుపోవునపుడు దాని వెలలో నూటికి 2 చొప్పున కొనువానియొద్ద వసూలుచేసి, పట్టణపు సంస్థల జీతములనుండి మఱికొంత చేర్చి, పల్లెపనివారికి పింఛను ఏర్పాటుచేసిరి. కూలి ఎందఱి పొలములలో పనిచేసినను, పంట అమ్ముడుపోవుచోటు ఒక్కటే గదా!

నాలుగవది మన తీరముననే కలదు. ఏప్రిల్ 15 మొదలు జూన్ 14 వఱకు 61 దినములు తూర్పు సముద్రమున యంత్రపు పడవలతో చేపల వేట నిషేధము. ఆ కాలమునకు మన రాష్ట్రము వేటగానికి భృతి యిచ్చును; 2025లో అది 20,000 రూపాయలు. ఇది పని లేని కాలపు కూలికి భద్రతయే. పడవకు పట్టీ యున్నది, పడవవారికి పేరున్నది, గనుక సాధ్యమైనది. పడవపై పోవువారికే ఇది వర్తించును. రేవున చేపలు ఏఱి, తట్టలు మోసి, ఎండబెట్టు స్త్రీకి పట్టీయు లేదు, భృతియు లేదు.

2020లో పార్లమెంటు చేసిన సాంఘిక భద్రతా స్మృతి 2025 నవంబరు 21న అమలులోనికి వచ్చెను. పూర్వపు తొమ్మిది చట్టములు, అందు పైని జెప్పిన 1923, 1948, 1952, 2008 నాటివియు, దీనిలో లీనమైనవి. సెల్‌ఫోను పిలుపుపై అన్నము మోసికొనిపోవు యువకులకు, ఆ వ్యాపారము నడుపు సంస్థలు తమ వార్షిక విక్రయములో నూటికి 1 నుండి 2 వఱకు వేయవలెనని ఇందు కలదు. వారికి వసూలు చేయు చేయి దొరకినది. ఇతరులైన అవ్యవస్థిత కార్మికులకు ప్రభుత్వములు పథకములు చేయవలెనని మాత్రమున్నది. ఎవరు ఎంత వేయవలెనో స్పష్టముగా లేదు. నిజాంపట్నపు రేవుకూలియు, చెరుకుపల్లి పొలములలో ఊడ్పులూడ్చు స్త్రీయు ఇంకను వెలుపలనే నిలిచియున్నారు.

మన ప్రాంతమునకు తగిన యాలోచన

మన మూడు పట్టణముల చుట్టును చూచినచో వసూలుకు తగిన చోట్లు లేకపోలేదు. దుగ్గిరాల పసుపు మార్కెట్టు, తెనాలి నిమ్మకాయల మార్కెట్టు, ధాన్యపు మిల్లులు, రొయ్యలను కొని ఎగుమతిచేయు కర్మాగారములు, ఇవన్నియు పలువురి కష్టము ఒక్కచోటికి వచ్చి సొమ్ముగా మాఱు స్థలములు. మార్కెట్టు సెస్సు వసూలుచేయు యంత్రము ఇదివఱకే కలదు. దానికి కొంత చేర్చి కూలీల బీమాకు ప్రత్యేకించుట అసాధ్యము గాదు. ముఠాలకు బోర్డు నేర్పఱచుట అంతకంటె సులభము. ముఠా యనునది వ్రాతలేని సంఘమే గదా, వ్రాత చేర్చిన చాలును.

దీనికి గట్టి యాక్షేపణ యొకటి కలదు, దానిని దాచరాదు. మన డెల్టాలో సేద్యము చేయువారిలో చాలమంది కౌలుదారులు. కొనువాడు తానియ్యవలసిన నూటికి రెండును ధరలో తగ్గించినచో, ఆ భారము కూలివానికంటె పెద్దగా మెఱుగుగాని కౌలుదారుపై పడును. 1977 నవంబరు 19 నాటి ఉప్పెనను ఎఱిగిన పెద్దలును, 2023 డిసెంబరు 5న బాపట్లయొద్ద తీరము దాటిన తుపానులో పండిన వరిని నీట పోగొట్టుకొన్న రైతులును ఈ మాట ముందుగా చెప్పుదురు. మేము దానిని అంగీకరింతుము. కావున రెండు షరతులు పెట్టవలెను: కౌలుదారుడును అదే బీమాలో చేరవలెను, పంట పోయినయేట ఆ వంతును ప్రభుత్వము వేయవలెను. ఒక బీదవానినుండి తీసి మఱియొక బీదవానికి ఇచ్చుట సాంఘిక బీమా యనిపించుకొనదు.

వంతు ఒకసారి తప్పినంతనే బీమా తెగిపోవు నియమమును మార్చవలెను. రెండేండ్లు కట్టినవానికి మూడవయేట మూడు నెలల గడువిచ్చి, బాకీని పిదప వసూలుచేసికొన్నచో ఆ బీమా నిధి మునిగిపోదు. ఇరువది రూపాయల బాకీకి రెండు లక్షల హక్కు పోవుట ఏ లెక్కయందును న్యాయముగా తోచదు.

విద్యార్థులు చేయదగినది

చట్టములు మార్చుట మన చేతిలో లేదు. కాని అవి మాఱువఱకు మన పాఠశాల ఊరకుండనక్కఱలేదు. ప్రతి యింటిలోను చదువనేర్చిన బాలుడో బాలికయో కలదు. వసూలు చేయు చేయి దొరకువఱకు జ్ఞాపకము చేయు చేయియైనను మనది కావచ్చును. కావున మన తొమ్మిది, పది తరగతుల విద్యార్థులకు ఈ క్రింది పనులు చెప్పుచున్నాము.

ఒకటి: మే నెల మొదటి వారమున ఇంటిలోని పెద్దల బ్యాంకు పుస్తకములు చూడుడు. రెండు బీమాలకు కలిపి 456 రూపాయలు కావలెను; మే నెల తుదివఱకు ఆ సొమ్ము కదలింపవద్దని చెప్పుడు. అంత లేనిచో ప్రమాదబీమాకు కావలసిన 20 రూపాయలకు మించి కొంత నిలువయైన ఉంచుడు.

రెండు: నామినీ పేరు సరిగా వ్రాయబడినదో లేదో చూడుడు. ఆధారు కార్డులోని పేరును, బ్యాంకు పుస్తకములోని పేరును ఒక్క అక్షరము భేదము లేకుండ సరిపోవలెను.

మూడు: ప్రమాదమున మరణము సంభవించినచో పోలీసు ఫిర్యాదు నకలు, పోస్టుమార్టము కాగితము తప్పక కావలెను. దుఃఖసమయమున “ఇవన్నీ యెందుకు” అని విడిచిపెట్టుట సామాన్యము. పిదప అవి దొరకవు.

నాలుగు: కట్టడపు పనివారు, చేనేతవారు, మత్స్యకారులు తమతమ ప్రత్యేక పట్టీలలో పేరు వ్రాయించుకొనిరో లేదో విచారింపుడు. గ్రామ, వార్డు సచివాలయమున అడుగవచ్చును.

అయిదు: పనికి పోయిన దినములు, పని యిచ్చినవారి పేరు, కూలి, ఒక చిన్న నోటుపుస్తకమున అమ్మకో నాన్నకో వ్రాసిపెట్టుడు. ఇంగ్లండు కూలివాని స్టాంపుకార్డు చేసిన పనిలో కొంతయైనను ఈ పుస్తకము చేయును. యజమాని యెవరని ఎవరైన నడిగినపుడు చూపుటకు ఒక యాధార ముండును.

కడచిన రెండేండ్లుగా మే నెల సెలవులకు ముందు ఒక తరగతికాలమును ఈ పనికే వినియోగించుచున్నాము. బ్యాంకులనుండి వచ్చు సందేశములను నల్లబల్లపై వ్రాసి, పదము పదమునకు అర్థము చెప్పుచున్నాము. ఇది ఏ పరీక్షకును రాని పాఠము. అయినను పిల్లలు శ్రద్ధగా వినుచున్నారు. ఒక బాలిక తన యింటి సంగతియేగాక తమ వీధిలోని పదునొకండు కుటుంబముల పుస్తకములు చూచి వచ్చినది.

మొదట చెప్పిన బాలుడు పదవ తరగతి ముగించి ఇప్పుడు ఐ.టి.ఐ.లో ఎలక్ట్రీషియను పని నేర్చుకొనుచున్నాడు. అతని తల్లి నిమ్మకాయలు ఏఱు పనికి పోవుచున్నది. ఆమె పేరును ఏ జీతపు పట్టీలోను లేదు. ఆ బాలుడు సెలవులకు ఇంటికి వచ్చినపుడెల్ల ముందుగా తల్లి బ్యాంకు పుస్తకమును తెఱచి, నిలువ యెంతయున్నదో చూచి, మఱల పెట్టెలో పెట్టి పోవుచుండును.